బార్లీ జావ అని రాసిన పేజీ

ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. చెరకు రసం రీడింగులు రాసుకోవడానికి ఫ్యాక్టరీ ల్యాబులో ఇచ్చే పొడుగాటి పుస్తకం. మధ్యలో ఒక పేజీ పైన "బార్లీ జావ" అని పెద్దక్షరాలతో తెలుగులో రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ గీతల కింద ఉన్నదంతా ఇంగ్లీషే. మా అక్కకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని అబద్ధాన్ని తెలుగులోనూ, నిజాన్ని ఇంగ్లీషులోనూ రాసుకున్నాను.

ఆ పేజీలో ఉన్నది జావ కాదు, బీరు. అందులోనూ మన దుకాణాల్లో దొరికే రకం కాదు. లేత రాగి రంగులో, మామూలు బీరు కంటే ఘాటుగా, నాలుక ముడుచుకునేంత చేదుగా ఉండే ఏల్ అనే రకం. అది ఇరవై లీటర్లు ఇంట్లోనే కాయాలని వేసుకున్న పథకం అది. ఎంత గింజ, ఎంత నీరు, ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచాలి, చేదు ఎప్పుడెప్పుడు ఎంతెంత వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు చదివినా అందులో తప్పు దొరకదు. తప్పంతా పైన రాసిన ఆ రెండు మాటల్లోనే ఉంది.

అప్పట్లో నేను ఉయ్యూరు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుని. పటమటలో మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని, రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. గంటకోసారి రసం పట్టి, అందులో తీపి ఎంతుందో బ్రిక్స్ కొలిచి రాయడం నా పని. పదేళ్లు అదే పని చేసిన మనిషికి ఏది చూసినా కొలవాలనిపిస్తుంది. పెళ్లిలో పానకం ఇచ్చినా మనసులో ఒక అంకె వేసుకునే తాగేవాణ్ణి.

నాతో చదువుకున్న బందరు స్నేహితుడొకడు ఓడల మీద ఇంజనీరు. ఏడాదికోసారి సెలవుకి వచ్చేవాడు. మద్యనిషేధం ఎత్తేసి నాలుగైదేళ్లయి ఉంటుంది, ఒక సాయంత్రం వాళ్ల మేడ మీద తువ్వాల్లో చుట్టిన సీసా ఒకటి తీసి నా చేతికిచ్చాడు.

"గటగటా తాగమాక. ఇది మన బీరు లాంటిది కాదు," అన్నాడు. "'ఇండియా' అని దీని పేర్లోనే మన దేశం ఉంది తెలుసా? తెల్లవాళ్ల కాలంలో ఓడెక్కి ఇక్కడికొచ్చేలోపు పాడవకూడదని ఇంత చేదేసేవాళ్లంట. అక్కడ ప్రతి ఊళ్లోనూ దొరుకుద్ది. మన దగ్గరే దొరకదు."

మొదటి గుక్కలో కాకరకాయ, ఆ వెనక దబ్బాకు, మింగిన తర్వాత నారింజ తొక్క తగిలాయి. నేను తాగుబోతుని కాదు. ఈ మాట తాగుబోతులందరూ అంటారని తెలిసే చెబుతున్నాను. సీసా అయిపోయాక నాకు రెండో సీసా కావాలనిపించలేదు, ఇది ఎలా చేశారో తెలుసుకోవాలనిపించింది. వాడు మరుసటేడు వచ్చినప్పుడు, ఏదో రేవులో పాత పుస్తకాల కొట్లో కొన్న పుస్తకం, మూడు వెండిరంగు పొట్లాల హాప్స్, పులియబెట్టడానికి రెండు చిన్న పొట్లాల ఈస్టు తెచ్చిచ్చాడు. హాప్స్ అంటే చలిదేశాల్లో ఒక తీగకి పూసే పువ్వు. ఎండబెట్టి, దంచి, పచ్చటి గుళికలుగా ఒత్తుతారు. బీరుకి చేదూ వాసనా దానివల్లే వస్తాయి. ఒక పొట్లం మూల కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకుంటే గదంతా మామిడి సొన వాసన, కమలాపండు వాసన కలిసి కొట్టాయి. ఆ రాత్రే పుస్తకం మొత్తం చదివేశాను.

ఇంట్లో కాయడం చట్టం ఒప్పదని తెలుసు. చట్టం సంగతి తర్వాత, నా భయమంతా అక్కే.

మా బావ హనుమాన్ జంక్షన్‌లో లారీ డ్రైవరు. మంచివాడు, తాగితే కాడు. నిషేధం రాకముందు ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు ముందు బైఠాయిస్తే, అందులో అక్క ముందు వరసలో కూర్చుంది. కొంగులో కారప్పొడి మూట కట్టుకుని వెళ్లానని నవ్వుతూ చెప్పేది. నిషేధం వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేసిందట. కానీ కొట్లు మూస్తే నోళ్లు మూతపడతాయా? ఊరి వెనక దొడ్లలో దొంగసారా కుండలు లేచాయి. బావ ఆ కుండల దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. "ఇంట్లో కాసిందేనే, స్వచ్ఛంగా ఉంటది," అని అక్కకే చెప్పేవాడట. ఒక తెల్లవారుజామున కళ్లు కనపడటం లేదన్నాడు. బెజవాడ ఆస్పత్రికి తెచ్చేలోపే పోయాడు.

పిల్లలు లేరు. అక్క నా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన నెలకే "నీ మీద పడి తినను" అని రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, విసిరి మాల్టు పిండి అమ్మడం మొదలుపెట్టింది. పసిపిల్లల తల్లులూ, షుగరు ఉన్న పెద్దవాళ్లూ మా మెట్లెక్కి వచ్చి పట్టుకుపోయేవారు. మేడ మీద ఎప్పుడూ ఏదో ఒక గింజ తడిసో, మొలకెత్తో, ఎండుతూనో ఉండేది.

బీరుకి మొదటి మెట్టు గింజ మొలకెత్తించడమే. బార్లీని నానబెట్టి, మొలక వచ్చాక సరైన సమయానికి ఎండబెట్టి ఆపాలి. అప్పుడే గింజలోని పిండి తీపిగా మారడానికి సిద్ధమవుతుంది. ఆ పని విదేశాల్లో పెద్ద ఫ్యాక్టరీల్లో చేస్తారని పుస్తకంలో ఉంది. నాకు అది చదవగానే మా మేడ గుర్తొచ్చింది. ఆ క్షణంలోనే ఆగిపోవలసింది. నేను ఆగకపోగా, నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

వన్‌టౌన్ కిరాణాలో ఆరు కిలోల బార్లీ కొని తెచ్చి, నాలుగు రోజులు తడిగుడ్డలో పెట్టాను. మొలక రాలేదు సరికదా, మురిగి కంపు కొట్టింది. అక్క మూట విప్పి రెండు గింజలు కొరికి చూసింది.

"ఇది పొట్టు తీసి పాలిష్ పట్టిన బార్లీరా. చచ్చిన గింజ. దీనికి మొలకేం వస్తది? అయినా నీకెందుకు బార్లీ మొలకలు?"

జవాబు ముందే అనుకుని పెట్టుకోలేదు. నోటికి వచ్చింది అనేశాను.

"కిడ్నీలో రాయుందక్కా. డాక్టరు బార్లీ మాల్టు జావ తాగమన్నాడు."

మా వైపు ఎండలకి కిడ్నీలో రాయి అన్నది జలుబంత మామూలు సంగతి. బార్లీ నీళ్లు తాగమనడమూ మామూలే. అందుకే ఆ అబద్ధం అంత చక్కగా అతికింది. అక్క చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. "ఎప్పట్నుంచి? నొప్పొస్తే నాకెందుకు చెప్పలేదు?" అంటూ నా నడుము మీద చెయ్యి పెట్టింది. ఎడమ పక్కా, కుడి పక్కా అని అడిగింది. ఎడమ అన్నాను.

మర్నాడు అక్కే వెళ్లి, హోమాలకి యవలు అమ్మే పూజా సామాన్ల కొట్టు వెతుక్కుని, పొట్టుతో ఉన్న బార్లీ ఆరు కిలోలు తెచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "నా తమ్ముడికి చేసుకునేదానికి నువ్విచ్చేదేంటి?" అంది.

అక్క పని చేస్తుంటే చూడటం నాకెప్పుడూ ఇష్టమే. ఆ పది రోజులు మాత్రం చూడలేకపోయాను, చూడకుండానూ ఉండలేకపోయాను. రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వంచేసి, తన పాత నూలుచీర ముక్కలో మూటగట్టేది. పూటపూటకీ మూట విప్పి, గింజల్ని పక్కనించి పక్కకి తిప్పి, వేళ్లతో నీళ్లు చిలకరించేది. గింజ మొలక ఎంత వచ్చిందో పొట్టు పైన చూసి కాదు, మధ్యకి చీల్చి లోపల చూసి చెప్పేది. "మొలక గింజలో మూడొంతులు పాకాలి. గింజ దాటి బయటికొచ్చిందంటే సారమంతా అది తినేసినట్టే," అంది. నా ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీలు ఆ సంగతే ఉంది. నీడన ఒక రోజు, ఎండన రెండు రోజులు ఆరబెట్టి, మూకుట్లో సన్నసెగన వేడి చేసి, వేళ్లు రాలేలా నలిపి, చేటతో చెరిగింది. గింజ ఒకటి నా నోట్లో పెట్టి కొరకమంది. కరకరలాడి, ఆ తర్వాత తియ్యగా ఉంది.

గుప్పెడు గింజలు ల్యాబుకి పట్టుకెళ్లాను. నూరి, అరవై ఆరు డిగ్రీల నీళ్లలో గంట ఉంచి, ఒక చుక్క అయోడిన్ వేశాను. పిండి మిగిలి ఉంటే నీలం తిరుగుతుంది. తిరగలేదు. బ్రిక్స్ కొలిస్తే, పుస్తకంలో విదేశీ మాల్టుకి చెప్పిన అంకెకి ఇంచుమించు దగ్గరగా వచ్చింది. చీరముక్కలో మూటగట్టి, పటమట మేడ మీద ఎండబెట్టిన గింజ. ఆ గర్వం ఎవరితో పంచుకోను? అక్కతోనే చెప్పాలనిపించింది. నువ్వు చేసే పని ప్రపంచంలో ఎంతమంది ఎన్ని యంత్రాలు పెట్టి చేస్తారో తెలుసా అని చెప్పాలనిపించింది. చెప్పాలంటే అవతల ఏం చేస్తారో కూడా చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, అంకె మాత్రం "బార్లీ జావ" పేజీలో రాసుకున్నాను.

ఆ పేజీ రోజురోజుకీ నిండింది. ఆరు కిలోల బార్లీకి వచ్చిన మాల్టంతా. కాచేముందు పదహారు బ్రిక్స్ రావాలి, తగ్గితే అర కిలో పంచదార కలపాలి. గంటన్నర మరిగించాలి. మరగడం మొదలైన అరగంటకి హాప్స్ నలభై గ్రాములు, అది చేదుకి. దింపే ముందు ఇరవై నిమిషాలు ఉందనగా ముప్ఫై, అది రుచికి. దింపాక యాభై, అది వాసనకి. పులిసి నెమ్మదించాక చల్లగానే మరో ఎనభై. వంటసామాన్లు అద్దెకిచ్చే కొట్లో గుండిగ చూసిపెట్టాను. పులియబెట్టడానికి పాతిక లీటర్ల డ్రమ్ము కొన్నాను. ఈస్టుకి ఇరవై డిగ్రీలు దాటకూడదు. బెజవాడలో ఆ మాట అంటే గాడిద కూడా నవ్వుతుంది. సంక్రాంతి ముందు నెలలోనే చెయ్యాలనీ, డ్రమ్ముకి తడి గోనెసంచి చుట్టాలనీ రాసుకున్నాను. బావ తాగింది విషం, నేను చేసేది సైన్సు అని కూడా పేజీ అంచున ఎక్కడో రాసుకున్నాను. అది ఎవరికోసం రాశానో తెలియదు.

ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క తలకి గుడ్డ బిగించి కట్టుకుని గోడకి చేరగిలబడి ఉంది. తలనొప్పి అంది. మూడోరోజూ అదే. అప్పటికిగాని నేను ఒక విషయం గమనించలేదు. ఇంట్లో కాఫీ నా ఒక్క గ్లాసుకే కలుస్తోంది. అక్క తాగడం లేదు.

అక్కకి కాఫీ అంటే ఏమిటో చెప్పాలి. బావ పోయిన పదకొండో రోజున కూడా, చుట్టాలు ఏమనుకున్నా సరే, రెండు పూటలా కాఫీ తాగింది. చీరల మీద, నగల మీద, సినిమాల మీద మోజు లేని మనిషి. గింజల్ని తానే వేయించి, తానే పొడి కొట్టుకునేది. పొద్దున మొదటి గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే ఆ పావుగంట ఎవరు పిలిచినా పలికేది కాదు.

"కాఫీ మానేశావేంటక్కా?" అని అడిగాను.

"అమ్మవారికి మొక్కుకున్నాలే. నువ్వు బాగుండాలని," అంది. అంతకు మించి చెప్పలేదు.

నా రాయి పడిపోయేదాకా కాఫీ తాగనని మొక్కుకుందని అనుకున్నాను. లేని రాయి ఎప్పుడు పడిపోతుంది? ఆ రాత్రి చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను. సిగ్గేసింది. అయినా పథకం మానలేదు. ఇంకో మూడు వారాలే కదా, కాచేశాక రాయి పడిపోయిందని చెబితే సరిపోతుంది, అక్క కాఫీ అక్కకి వస్తుంది అని లెక్క వేసుకున్నాను. అంకెలతో బతికేవాడికి ప్రతిదీ లెక్కకి వస్తుందనే నమ్మకం ఉంటుంది.

అక్క మాత్రం నా అబద్ధాన్ని నాకంటే శ్రద్ధగా పట్టించుకుంది. ఒక ఆదివారం పొద్దున వంటింట్లోంచి వింత వాసన వచ్చింది. కమలాపండు, వేపాకు, ఉడికిన గింజ కలిసిన వాసన. పరిగెత్తుకెళ్లి చూస్తే, పొయ్యి మీద పెద్ద గిన్నె, పక్కన మూల కత్తిరించిన నా హాప్స్ పొట్లం.

"నీ బీరువాలో మందు పొట్లాం ఉందిగా, రాళ్లకేనా?" అని అడిగింది. నేను తల ఊపాను. ఊపక ఏం చెయ్యను?

"వాసన చూస్తే తెలిసిందిలే, చేదు మందని. ఊరికే జావలో కలిపితే ఏం గుణం ఉంటది? కషాయం పెట్టాలి. మాల్టుపిండి వేలు కాలేంత వేడినీళ్లలో కలిపి గంటసేపు మూతబెట్టా. బెల్లమేం వెయ్యలా, దానంతటదే తియ్యబడింది చూడు. తేట వడగట్టి, నీ మందు రెండు చెంచాలేసి మరగబెడుతున్నా. దింపేముందు ఇంకో చిటికెడు వేస్తా. మొదట్లో వేసింది గుణానికి. చివర్న వేసింది వాసనకి, లేకపోతే నువ్వు తాగవు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. నెలరోజులు పుస్తకం ముందేసుకుని నేను వేసిన పథకమంతా, ఒక్క మెట్టు కూడా తప్పకుండా, మా అక్క ఒక పొద్దున్నే చేసేసింది. ఇక మిగిలింది ఫ్రిజ్‌లో ల్యాబు శాంపిలని చెప్పి దాచిన ఈస్టు పొట్లం ఒక్కటే.

స్టీలు గ్లాసులో పోసి చల్లార్చి ఇచ్చింది. మింగేదాకా ఎదురుగా నిలబడింది. తలకి కట్టిన గుడ్డ అలాగే ఉంది. తీపి ముందు తగిలింది, ఆ వెనక చేదు, ఆ వెనక దబ్బాకు వాసన. నా జీవితంలో అంత బాగున్నది తాగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క చూసి, "చేదేరా, ఏం చేస్తాం. మందు కదా," అని కొంగుతో నా మూతి తుడిచింది. ముప్ఫై ఏళ్లవాడి మూతి.

అప్పట్నుంచి రోజూ ఒక గ్లాసు. రోజూ ఎదురుగా నిలబడి తాగించేది. నేను తాగుతున్నంతసేపూ నా ముఖం వైపు, ఏదో తేడా వచ్చిందేమోనని వెతుక్కుంటున్నట్టు చూసేది.

కాయడానికి అనుకున్న రోజు ఒక శుక్రవారం. ఎందుకంటే ఆ రోజు అక్క ఇంట్లో ఉండదు. ఇంద్రకీలాద్రికి మెట్లపూజకి వెళతానంది. కింది మెట్టు నుంచి పైదాకా ఒక్కో మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కాలి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గాని తిరిగి రాదు. పసుపు డబ్బా, కుంకుమ డబ్బా సంచిలో పెట్టుకుని, "నీ గ్లాసు పొయ్యి పక్కన పెట్టా, మర్చిపోవద్దు," అని చెప్పి వెళ్లింది.

నేను సెలవు పెట్టాను. అద్దె గుండిగ తెచ్చి గ్యాసు మీద పెట్టాను. నీళ్లు పోసి ల్యాబు థర్మామీటరు వేలాడదీశాను. మిగిలిన మాల్టు దంచి సిద్ధంగా ఉంచాను. నీళ్లు కాగేలోపు అక్క పెట్టిన గ్లాసు తీసుకున్నాను. పైన పళ్లెం మూత, చీమలు రాకుండా గ్లాసు చుట్టూ పసుపు గీత. ఆ పసుపు చూడగానే, సరిగ్గా ఇప్పుడు ఎన్నో మెట్టు దగ్గర వంగి ఉంటుందో అనుకున్నాను. ఆమె నడుము నొప్పి సంగతి నాకు తెలుసు. నాకు లేని నొప్పికి తన నొప్పి మోసుకుంటూ ఎక్కుతోంది. నేనేమో ఆమె చేతి గింజలతో, ఆమె ఇంట్లోనే, ఆమె మొగుణ్ణి మింగిన పనే చెయ్యబోతున్నాను. సైన్సని పేరు పెట్టినంత మాత్రాన అక్క ముక్కుకి తేడా తెలుస్తుందా? ఆ డ్రమ్ము పులిసిన మొదటి రోజే ఆ వాసన గుర్తుపడుతుంది. ఆ వాసన పక్కన ఆరేళ్లు పడుకుంది.

పొయ్యి ఆపేశాను. మంచితనం కొంత, భయం కొంత. ఏది ఎంతో కొలవడానికి నా దగ్గర పరికరం లేదు. హాప్స్, ఈస్టు ఒక సంచిలో వేసి, సైకిలు మీద వెళ్లి బందరు కాలువలో కలిపేశాను. పచ్చటి గుళికలు కాసేపు తేలి, ఉబ్బి, మునిగిపోయాయి. గుండిగ తిరిగిచ్చేశాను. వచ్చేటప్పుడు కాఫీ గింజలు పావు కిలో, మేలురకం చూసి కొన్నాను.

సాయంత్రం అక్క నడుము పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అరచేతులు పసుపుతో, వేలి కొనలు కుంకుమతో ఉన్నాయి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అనుకున్నది అనేశాను.

"అక్కా, ఇవాళ సెలవు పెట్టి స్కానింగుకి వెళ్లొచ్చా. రాయి పడిపోయిందంట. ఏం లేదన్నారు."

అక్క గ్లాసు కింద పెట్టి, కొండ ఉన్న వైపు తిరిగి, ఆ పసుపు చేతులే జోడించి చాలాసేపు కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు కారాయి. ఆ ఏడుపు నేను చూశాను. పాపం తీరిపోయిందని కాదు గానీ, కనీసం ముగిసిందని అనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి, గింజలు వేయించి, పొడి కొట్టి, చిక్కగా కాఫీ కలిపాను. నాకు తెలిసినంతలో అంత జాగ్రత్తగా ఏదీ చేయలేదు. నురగ వచ్చేలా తిరగబోసి, తెచ్చి చేతిలో పెట్టాను.

అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా చేతిలో పెట్టేసింది.

"బాగా కలిపావు. నువ్వు తాగు."

"మొక్కు తీరిపోయిందిగా అక్కా."

"ఎక్కడ తీరింది? ఇప్పుడే కదా మొదలు. నీ రాయి పడిపోతే జన్మలో కాఫీ ముట్టనని మొక్కుకున్నా."

"మరి ఈ నెల రోజులూ ఎందుకు తాగలేదు?" అన్నాను.

"ఉన్నట్టుండి మానడం నావల్ల అవుద్దో లేదోనని అలవాటు చేసుకున్నా. అమ్మవారికి మాటిచ్చి తప్పితే నాకేం కాదు, నీకే కదా తగిలేది," అంది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి మడిచి పక్కన పెట్టింది. "ఇప్పుడు తలనొప్పి కూడా రావట్లేదు. పర్లేదు."

ఆమెకి కాఫీ తిరిగి ఇద్దామని చెప్పిన అబద్ధం ఆమె కాఫీని జన్మంతా తీసేసింది. చెప్పకపోయి ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు విసిగి తాగేదేమో. అప్పటికప్పుడు దాన్ని విప్పాలంటే ఒక్కటే దారి. రాయి ఎప్పుడూ లేదక్కా, మొక్కు చెల్లదు అనాలి. అంటే ఆ వెంటనే బార్లీ ఎందుకని అడుగుతుంది. చెబితే, తన చేతులతో తాను ఏం చేసిపెట్టిందో తెలుస్తుంది. ఆమె మనసు కోసమే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆమె నన్ను బావని చూసిన చూపు చూస్తుందని భయపడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసు ఆమె కాళ్లకి అంటింది.

తర్వాత నాకు పెళ్లయింది. అక్క మాతోనే ఉంది. కాఫీ మాత్రం అక్కే కలిపేది, ఇంకెవర్నీ కలపనిచ్చేది కాదు. గింజ వేయించడం, పొడి కొట్టడం, డికాక్షన్ దించడం అంతా మునుపటిలాగే. కలిపాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకిచ్చేది. రుచి చూడదు కాబట్టి నిలబడి అడిగేది.

"చక్కెర సరిపోయిందా?"

"సరిపోయిందక్కా."

ఎక్కువైన రోజూ అదే చెప్పేవాణ్ణి, తక్కువైన రోజూ అదే చెప్పేవాణ్ణి. చక్కెర కొలిచి జీతం తీసుకునేవాణ్ణి.

ఏడెనిమిదేళ్ల తర్వాత, ఒక చలికాలం పొద్దున, ఇక చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. తిడితే తిట్టనీ, మాట్లాడకపోతే మాననీ, కనీసం ముసలితనంలోనైనా ఒక గ్లాసు కాఫీ తాగుతుంది అనుకున్నాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసు నా చేతిలో ఉంది.

"అక్కా, అప్పట్లో ఆ రాయి..." అన్నాను.

అక్క ముఖం తెల్లబోయింది. "మళ్లీ వచ్చిందా?" అంది. నా జవాబు కోసం ఆగలేదు. చరచరా లోపలికి వెళ్లి, పై అరలోంచి ఒక డబ్బా దించింది. మూత తీసి చూపించింది. నిండా బార్లీ మాల్టు. అవసరం వస్తే ఉండాలని ప్రతి ఏడూ చలికాలంలో రెండు కిలోలు మొలకెత్తించి పెట్టుకుంటోందట, పాతది పక్కింటివాళ్ల కోళ్లకి వేసి కొత్తది నింపుకుంటోందట. నాకు ఆ సంగతే తెలియదు. ఒక గింజ తీసి కొరికి చూసింది, బాగానే ఉన్నట్టు తల ఊపింది.

"ఎడమ పక్కేనా?" అని అడిగింది.

"రాలేదక్కా. ఊరికే గుర్తొచ్చి అన్నాను," అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. డబ్బా మూత బిగించి, మళ్లీ పై అరలో పెట్టింది. కాఫీ చల్లారిపోతుంది, తాగమంది. తాగాను. చక్కెర సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందని చెప్పాను.